కోళ్లకు గురక: ఇంట్లో మిగిలిన మాత్రలు వేయొచ్చా?

ప్రశ్న: పెరట్లో ఆరు కోళ్లు పెంచుతున్నాం. మూడు వారాల క్రితం రెండు కొత్త పెట్టలు తెచ్చి వాటితో కలిపేశాం. పది రోజులకు ఒక్కొక్కటీ తుమ్మడం మొదలుపెట్టాయి. కంటి మూలల్లో నురగ, రాత్రి గూట్లోంచి గురగుర. మిగిలిపోయిన అమాక్సిసిలిన్ మాత్రలు పొడి చేసి నీళ్లలో కలిపాం. తగ్గలేదు. గుడ్లు తినొచ్చా?

జవాబు: గుడ్లు ఇప్పుడు తినకండి. కోడికి వేసిన మందు గుడ్డులోకీ దిగుతుంది. ఎన్నాళ్లు ఆగాలో పశువైద్యుడు చెబుతారు.

కంట్లో నురగ, రాత్రి గురగుర, అదీ కొత్తవి వచ్చాక మొదలవడం చూస్తే నా మొదటి అనుమానం మైకోప్లాస్మా. దీంతో వచ్చే దీర్ఘకాలిక శ్వాస జబ్బును కోళ్లు పెంచేవాళ్లు సీఆర్‌డీ అంటారు. ఈ సూక్ష్మజీవికి కణం చుట్టూ గోడ ఉండదు. అమాక్సిసిలిన్ దెబ్బకొట్టేది ఆ గోడనే. మరి లేని గోడను ఏం కొడుతుంది? టైలోసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లు పనిచేస్తాయి కానీ మోతాదు బరువును బట్టి ఉంటుంది. పైగా జబ్బు కోడి నీళ్లు సరిగా తాగదు. నీళ్లలో కలిపిన మందు ఎక్కువ అవసరమున్న దానికే తక్కువ అందుతుంది.

చూడకుండా ఖాయంగా చెప్పలేను. ముఖం వాచి, ముక్కు నుంచి దుర్వాసనతో చీమిడి కారితే కొరైజా అనే బాక్టీరియా జబ్బు కావచ్చు. గుడ్లు తగ్గి, పెంకులు ముడతలు పడుతుంటే బ్రాంకైటిస్ వైరస్‌ను అనుమానిస్తాం, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. మెడ తిరిగిపోవడం, ఆకుపచ్చ విరేచనాలు కొక్కెర తెగులులో కనిపిస్తాయి. కోళ్లు ఉన్నట్టుండి వరసగా చనిపోతే మాత్రం ముట్టుకోకుండా వెంటనే పశువైద్య అధికారులకు చెప్పండి. అది బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు జబ్బు కోళ్లను వేరుగా, వెచ్చగా, గాలి తగిలే చోట ఉంచండి. మేత ముందు బాగున్నవాటికి, తర్వాతే వీటికి. గూట్లో తల పెట్టి చూడండి. మీ కళ్లు మండితే అది రెట్టల నుంచి వచ్చే అమ్మోనియా. ఎంత మందు వేసినా ఆ గాలిలో కోడి కోలుకోదు. తడిసిన పొట్టు తీసేసి పొడిది వేయండి. బూజు పట్టిన పొట్టు, గింజలు వద్దు, బూజు ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

నోరు తెరిచి బలవంతంగా ఏదీ పోయకండి. పక్షికి శ్వాసనాళం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది, పోసింది నేరుగా అందులోకి వెళ్లొచ్చు. పట్టుకునేటప్పుడు రొమ్ము నొక్కొద్దు. మనలా డయాఫ్రమ్ (రొమ్ముకూ పొట్టకూ మధ్య ఊపిరికి సాయపడే కండరం) లేదు కాబట్టి రొమ్ము కదిలితేనే దానికి ఊపిరి. నోరు తెరిచి, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతుంటే అదే రోజు తీసుకెళ్లండి. (చిలుకలు ఉన్నవాళ్లకూ ఇదే మాట. వాటి నుంచి సిట్టకోసిస్ అనే జబ్బు మనుషులకూ అంటుతుంది. మీకూ జ్వరం, దగ్గు వస్తే ఇంట్లో చిలుక ఉందని మీ డాక్టర్‌కు చెప్పండి.)

మైకోప్లాస్మా అని తేలితే ఒక చిక్కుంది. తగ్గిన కోళ్లు కూడా సూక్ష్మజీవిని మోస్తూనే ఉంటాయి, అది గుడ్డు ద్వారా పిల్లకూ పోతుంది. వీటి గుడ్లను పొదగేయొద్దు, కోళ్లను ఎవరికీ ఇవ్వొద్దు. ఇకపై కొత్తవి తెస్తే కనీసం నెల రోజులు దూరంగా ఉంచండి. ఆ రెండు పెట్టలూ హుషారుగా ఉన్నా సరే, వాటినీ పరీక్షకు తీసుకెళ్లండి. అమాక్సిసిలిన్ ఎన్ని రోజులు పెట్టారో దాచకుండా చెప్పండి.