‘తీవ్రం’ అని రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పలాస నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మూడో నెలలో గర్భం పోయి, క్లీనింగ్ చేయించుకున్నాక ముట్టు ఆగిపోయిన ఆవిడ గురించి మనసు పెట్టి రాశావు. కానీ ‘గర్భసంచిలో తీవ్రమైన అతుకులు’ అని ఒక్క ముక్కతో దాటేశావు. నేను అక్కడే ఆగిపోయాను.

గర్భసంచి లోపలి గోడలు ఒకదానికొకటి అంటుకుపోవడమే అతుకులు. ఆ తీవ్రతకు లెక్క ఉందమ్మా. 1978లో మార్చ్ అనే డాక్టరు బృందం హిస్టెరోస్కోపీతో, అంటే సన్నటి కెమెరా గొట్టంతో, లోపల చూసి మూడు తరగతులు చేసింది. అతుకులు గర్భసంచి లోపలి చోటులో పావు వంతులోపు ఉంటే స్వల్పం, ముప్పావు దాటితే తీవ్రం, నడుమది మధ్యస్థం. ఎంత మేర ఉన్నాయన్నదే కాదు, ఎలాంటివో కూడా చూస్తారు. నువ్వు జీడి పని చూస్తూ పెరిగినదానివి. పప్పు మీది పొట్టు గోటితో వచ్చేస్తుంది, పెంకు రాదు. పల్చటి పొరలు కెమెరా గొట్టం కొసతోనే విడిపోవచ్చు. గోడకీ గోడకీ గట్టిగా అంటుకుపోతే కత్తెర పడాల్సిందే. ఆవిడవి పొట్టా, పెంకా? నువ్వు రాయలేదు.

1988లో అమెరికన్ ఫెర్టిలిటీ సొసైటీ మార్కుల పద్ధతి పెట్టింది. మేరకు 4 వరకు, రకానికి 4 వరకు, ముట్టుకి 4 వరకు. ముట్టు మామూలుగా వస్తే 0, తగ్గితే 2, ఆగితే 4. మొత్తం 9 వచ్చినా చాలు, అది మూడో దశే, అంటే తీవ్రం. పన్నెండు మార్కుల్లో నాలుగు ఆవిడ నోటిమాట మీదే ఉన్నాయి, చూశావా!

మా ఆడపడుచు ముట్టు వచ్చిన రోజున వంటింటి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో సున్నా చుట్టేది. క్లీనింగ్ అయ్యాక సున్నాలు ఆగిపోయాయి. నెలనెలా పొత్తికడుపు నొప్పి మాత్రం వచ్చేది, ఆ రోజున చుక్క పెట్టేది. రక్తానికి దారి లేక లోపలే నిలిచిపోతే అలా నొప్పి రావచ్చు. విజయనగరంలో చూపించిన చోట ఆ క్యాలెండర్ ఎవరూ చూడలేదు. టెన్షన్ అని పంపేశారు. హిస్టెరోస్కోపీ చేసేసరికి ఏడాది గడిచింది. ఆ చుక్కలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది.

అందుకే మళ్లీ వెళ్లి ఆవిడ దగ్గర కూర్చో. ముట్టు ఎప్పుడు తగ్గింది, ఎప్పుడు ఆగింది, క్లీనింగ్ ఎన్నిసార్లయింది, అడుగు. టీబీ పరీక్ష చేశారేమో కూడా కనుక్కో, మన దేశంలో గర్భసంచి టీబీ వల్లా అతుకులు పడతాయి. తరగతి చూసి ఇక పిల్లలు పుట్టరని నువ్వే తేల్చేయకు. ‘గొడ్రాలు’ అన్న మాట అత్తగారి నోట ఉంటే ఉండనీ, నీ వాక్యంలో మాత్రం తీసెయ్యి.

పేరు, ఊరు మార్చి రెండో ప్రతి పంపు.

ఆశీస్సులతో,
అత్త