సమాధానం: పేరు మారితే లెజెండ్ తనంతట తానే సర్దుకోవాలంటే

నమస్కారమండీ. విశాఖ వర్షపాతం చార్టు లెజెండ్‌లో (ఏ రంగు ఏ ప్రాంతానిదో చెప్పే వరుసలో) ‘గాజువాక’ స్థానంలో ‘భీమునిపట్నం’ రాగానే అక్షరాలు పక్కనున్న రంగు గడి మీదికి ఎక్కుతున్నాయన్నారు. దయచేసి పేర్లను కీఫ్రేములతో (ఏ క్షణానికి ఏ స్థానమో చేత్తో పెట్టే గుర్తులతో) జరపకండి. డేటా మారిన ప్రతిసారీ ఆ చాకిరీ మళ్లీ మొదటికొస్తుంది.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ‘సోర్స్ రెక్ట్ ఎట్ టైమ్’ అనే ఫంక్షన్, ఆ క్షణంలో అక్షరాలు ఎంత వెడల్పున ఉన్నాయో చెబుతుంది. రెండో పేరు పొజిషన్‌కు ఎక్స్‌ప్రెషన్ (విలువను తనంతట తానే లెక్కించే చిన్న కోడ్) పెట్టి, మొదటి పేరు ఎక్స్ విలువకు (అడ్డంగా దాని స్థానానికి) ఆ ఫంక్షన్ దానికి ఇచ్చే లెఫ్ట్ (ఎడమ అంచు), విడ్త్ (వెడల్పు) కలపండి. ఆపైన రెండో గడి పట్టేంత ఖాళీ కూడా కలపండి. మూడోది రెండోదాన్ని చూసుకుంటుంది, అలా గొలుసులా సాగుతుంది. పేర్లన్నీ ఎడమకు అలైన్ చేసి, స్కేలు 100 శాతమే ఉంచండి. ఆ ఫంక్షన్ స్కేలును లెక్కలోకి తీసుకోదు.

గడి ఎత్తు మాత్రం ఆ ఫంక్షన్ నుంచి తీసుకోవద్దు. ఇంగ్లీషు పాఠాలు చూసి నేర్చుకున్నవారికి ఈ సంగతి తట్టదు. ‘గాజువాక’లో ఒత్తు లేదు, ‘మద్దిలపాలెం’లో దకారం కింద ఒత్తు దిగుతుంది. ఎత్తును అక్షరాలకు ముడిపెడితే, పేరు మారినప్పుడల్లా గడి సైజు కూడా మారిపోతుంది. అందుకే గడి ఎత్తుకు స్థిరమైన అంకె ఇవ్వండి. మన లిపి తెరమీద కుదురుగా నిలబడాలి కదా!

రంగుకు ఒక నల్ లేయర్ (తెరమీద కనిపించని ఖాళీ పొర) మీద కలర్ కంట్రోల్ (రంగు ఎంచుకునే ఎఫెక్ట్) పెట్టి, బార్‌నూ గడినీ దానికే కలపండి.

విలువ సున్నా అయిన ప్రాంతాన్ని దాచాలంటే ఒపాసిటీ (ఎంత స్పష్టంగా కనిపించాలో చెప్పే విలువ) ఒక్కటే సున్నా చేస్తే చాలదు, మధ్యలో ఖాళీ మిగిలిపోతుంది. అప్పుడు తర్వాతి పేరు విడ్త్ కలపకుండా, దాచిన పేరు ఎక్స్ విలువనే తీసుకునేలా ఇఫ్ షరతు రాయండి.