రాత్రి రెండింటికి స్విచ్ కట్టేసిన నాన్నగారికి

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ చేస్తాను. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. టెన్త్‌లో మంచి మార్కులు వచ్చాయని మా బావమరిది ముచ్చటపడి సెకండ్‌హ్యాండ్‌లో మ్యూజిక్ వర్క్‌స్టేషన్ కీబోర్డు కొనిచ్చాడు. మొదట్లో చక్కగా పాటలు వాయించేవాడు. ఇప్పుడు వాయించడం మానేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని దాని తెర మీద అంకెలు మారుస్తూ కూర్చుంటున్నాడు. అడిగితే సీక్వెన్స్ ఎడిట్ చేస్తున్నా, సౌండ్ తయారు చేస్తున్నా అంటాడు. ఇంజినీరింగ్ వద్దట, హైదరాబాద్‌లో ఏడాది మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమా చేస్తాడట. ఫీజు, హాస్టల్ కలిపి ఆరు లక్షలు. మొన్న రాత్రి రెండింటికి కోపమొచ్చి స్విచ్ కట్టేసి, పవర్ కార్డు బీరువాలో పెట్టేశాను. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. ఈసీఈ మంచిదా, ఆ డిప్లొమా మంచిదా, పోల్చి చెప్పగలరు.

జవాబు: పోలిక చెప్తాను గానీ, ముందు ఆ స్విచ్ సంగతి మాట్లాడుకుందాం. చాలా వర్క్‌స్టేషన్లలో సీక్వెన్స్, అంటే వాడు వాయించింది మెషీన్ రాసుకున్న పాట, సేవ్ చేసేదాకా తాత్కాలిక మెమొరీలోనే ఉంటుంది, కరెంటు పోతే దాంతోపాటే పోతుంది. ఆ రాత్రి వాడు సేవ్ చేసి ఉండకపోతే నాలుగైదు గంటల పని మీ చేతి మీదుగా పోయిందన్నమాట. మీరు షిఫ్టంతా కూర్చుని రాసిన లాగ్‌బుక్కు ఎవరైనా చించేస్తే వాళ్లతో ఎన్నాళ్లు మాట్లాడరు? రాత్రి రెండింటిదాకా మేలుకోవడం తప్పే, కాదనను. పదకొండుకి ఆపెయ్యమని గట్టిగా చెప్పండి, చెప్పే హక్కు మీకుంది. కార్డు బీరువాలో దాచడం మాత్రం బావోలేదండీ, వాడేం నాలుగేళ్ల పిల్లాడు కాదు.

ద్వారకానగర్‌లో నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇదే ప్రశ్న అడగని తల్లిదండ్రులు తక్కువ. ఒకరింట్లో కెమెరా, ఒకరింట్లో యానిమేషన్, మీ ఇంట్లో కీబోర్డు. ఏ కోర్సు మంచిదని అడుగుతారు, లోపలి భయం ఇంకొకటి. చుట్టాల పెళ్లికి వెళ్తే మీవాడేం చేస్తున్నాడని అడుగుతారు కదా, అప్పుడు ఒక్క ముక్కలో చెప్పడానికి మాట ఉండదని. పాటలు వాయించినంత కాలం మీకు ఇబ్బంది లేదు, నలుగురి ముందు వాయించమని చూపించుకోవచ్చు. అంకెలు మారుస్తున్నాడంటే ఏమని చెప్పుకుంటాం? అందుకే అది మీకు ఆటలాగా, ఇంకా చెప్పాలంటే జబ్బులాగా కనిపిస్తోంది.

వాడు చేస్తున్నదేమిటో చెప్తాను, వినండి. సీక్వెన్సర్‌లో వాయించినప్పుడు మెషీన్ శబ్దాన్ని రికార్డు చేసుకోదు. ఏ మెట్టు నొక్కాడు, ఎప్పుడు నొక్కాడు, ఎంత గట్టిగా నొక్కాడు, ఎంతసేపు పట్టుకున్నాడు, ఇవి రాసుకుంటుంది, అంతే. ఇది 1983లో వచ్చిన మిడి పద్ధతి. నొక్కిన గట్టిదనానికి 1 నుంచి 127 దాకా అంకె ఉంటుంది. ఒక బీటుని చాలా మెషీన్లలో 480 టిక్కులుగా కోస్తారు, అంటే నిమిషానికి 120 బీట్లు నడిచే పాటలో ఒక టిక్కు దాదాపు ఒక మిల్లీసెకను. క్వాంటైజ్ అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే అన్ని స్వరాలూ గీత గీసినట్టు బీటు మీదకొచ్చి కూర్చుంటాయి, తప్పులన్నీ పోతాయి, పాటలో ప్రాణం కూడా పోతుంది. అప్పుడు చెవి ఉన్నవాడు ఏం చేస్తాడంటే, ఒక తబలా దెబ్బని పది టిక్కులు వెనక్కి జరుపుతాడు, ఇంకోదాని గట్టిదనం 110 నుంచి 84కి తగ్గిస్తాడు, మళ్లీ మొదట్నుంచి వింటాడు. మీకు కనిపించే అంకెలు అవే.

సౌండ్ తయారు చేయడం ఇంకా ఓపిక కావాల్సిన పని. రంపపు పళ్లలాంటి ఒక మొరటు తరంగాన్ని తీసుకుని, ఫిల్టర్‌తో దాని గరుకు తగ్గించి, శబ్దం ఎంత త్వరగా లేవాలి, ఎంతసేపు నిలవాలి, వేలు తీశాక ఎలా ఆరిపోవాలి అన్నది ఒక్కొక్కటే దిద్దుకోవాలి. మన పాటకైతే ఇంకో చిక్కు ఉంది, కీబోర్డులో మెట్టుకీ మెట్టుకీ మధ్య స్వరం లేదు, స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే మన గమకమంతా ఆ మధ్యలోనే ఉంది. పక్కన ఉండే పిచ్ బెండ్ చక్రం స్వరాన్ని మామూలుగా రెండు సెమిటోన్లే, అంటే రెండు మెట్ల దూరమే లాగుతుంది, దాని హద్దు పెంచుకుని, చెయ్యి అలవాటు చేసుకుని గమకం పలికించాలి. వయొలిన్ కూడా బయటనుంచి వచ్చిన వాయిద్యమే కదండీ. మన పక్కన విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది మనదైపోయింది. మీవాడిని ఆయనతో పోల్చడం లేదు, కంగారు పడకండి. పరాయి వాయిద్యంతో మన సంగీతం పలికించాలన్న తంటా ఈ ప్రాంతానికి కొత్త కాదని చెప్తున్నాను.

ఇక డిప్లొమా. ఇక్కడ నాకు చాలా అనుమానాలున్నాయి. కొన్నేళ్ల కిందట ఎంవీపీ కాలనీ కుర్రాడొకడిని ఇలాంటి కోర్సుకే నేనే పంపించాను. బ్రోషర్‌లో స్టూడియోలో శబ్దాలన్నీ కలిపే పెద్ద మిక్సింగ్ కన్సోల్ ఫొటో చూసి నేనూ పడిపోయాను. ఏడాది మొత్తంలో వాడు ఆ కన్సోల్ ముందు ఒంటరిగా కూర్చున్నది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతాదంతా ల్యాప్‌టాప్‌లో, ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగిందే. వాళ్ల నాన్న తీసుకున్న అప్పు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. ఈ రంగంలో పని ఇచ్చేవాడు సర్టిఫికెట్ అడగడు, ఏం చేశావో వినిపించమంటాడు. అన్ని డిప్లొమాలూ దండగని అనను. చేర్చేముందు ఒక్కో విద్యార్థికి వారానికి స్టూడియో ఎన్ని గంటలు ఇస్తారో కాగితం మీద రాసిమ్మనండి, రాయకపోతే వెనక్కి వచ్చేయండి. ఇంకో మాట, ఈమధ్య ఏఐ ప్రోగ్రాముల్లో నాలుగు వాక్యాలు టైపు చేస్తే పాట వచ్చేస్తోంది. షాపు ప్రకటనల్లాంటి చిల్లర పనులు వాటికే పోతాయని నా భయం. ఆరు లక్షల అప్పు నెత్తిమీద పెట్టుకుని పద్దెనిమిదేళ్లవాడు ఈ రంగంలో దిగడం నాకు ఇష్టం లేదు.

అలాగని ఈసీఈని నెత్తిన పెట్టుకోవడమూ లేదు. మీవాడికి మాత్రం ఒక లాభం ఉంది, ఫిల్టరు, శాంప్లింగు, తరంగాలు అన్నీ ఈసీఈలో చెప్పే సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ సబ్జెక్టుల్లో వచ్చేవే. సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి రాసుకోవడం, అంటే అన్ని శాంపిళ్లు ఎందుకని క్లాసులో అడిగితే చెవితో తెలిసినవాడికి అది లెక్కలా అనిపించదు. సీఎస్ఈ అందరూ తీసుకుంటున్నారని అందులో మాత్రం తోసెయ్యకండి. అసలు ఇంజినీరింగే వద్దంటే ఫిజిక్స్ ఉన్న డిగ్రీ అయినా పర్లేదు, ఇంటి దగ్గర్నుంచే వెళ్లొచ్చు, ఖర్చు తక్కువ. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో, కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ కోర్సులకి డిగ్రీ తర్వాతే వెళ్తారు, కాబట్టి ఆ తలుపు మూసుకుపోదు. ఆ మూడు నాలుగేళ్లలో ఊళ్లో ఆర్కెస్ట్రా వాళ్లకి ట్రాకులు చేసి పెట్టమనండి, డబ్బులు తీసుకునే చేయమనండి. తీసుకున్న డబ్బుకి చెప్పిన రోజుకి ట్రాకు ఇవ్వగలడా లేదా అన్నది మీ ఇద్దరికీ అప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు ఎవరం చెప్పలేం.

పోలిక ఇంతేనా అంటే ఇంతేనండి. నాకైతే వాడి గురించి పెద్ద బెంగ లేదు. ఒక తబలా దెబ్బ పది మిల్లీసెకన్లు అటూ ఇటూ జరపడానికి గంటసేపు కూర్చునే పిల్లాడు నా దగ్గరికి ఏడాదికి ఒకడో ఇద్దరో వస్తారు. మిగతావాళ్లని పది నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టడానికే వాళ్ల అమ్మానాన్నలు ఫీజులు కడుతున్నారు.

ఈ ఆదివారం మీకు డ్యూటీ లేకపోతే, పవర్ కార్డు తీసుకెళ్లి వాడి చేతికివ్వండి. హెడ్‌ఫోన్లు తీసేసి, ఏదైనా చిన్న స్పీకరు తగిలించి, వాడు చేసిన పాటని ఒక్కో ట్రాకూ మ్యూట్ చేస్తూ వినిపించమని అడగండి. మధ్యలో ర్యాంకు సంగతి ఎత్తకండి.