సంతకం పెట్టే ముందు ఆ పేరు ఎవరిదో తేల్చుకో

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కుస్తీ కంపెనీ కాంట్రాక్టు ప్రింటు తీయించి చదివాను. జీతం, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు లాంటివి మీ నాన్న చూసుకుంటాడు. నేను రాసేది ఒక్క క్లాజు గురించే. ‘ప్రదర్శకుడు ఇంతకుముందు వాడిన, ఇకపై వాడబోయే పేర్లు, వేషాలు, నినాదాలు అన్నీ సంస్థకే చెందును’ అని ఉంది చూశావా? ‘ఇంతకుముందు వాడిన’ అన్న ముక్క కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. తీర్థాల్లో, కాలేజీ గ్రౌండ్లలో ఒళ్లు హూనం చేసుకుని నువ్వు తెచ్చుకున్న ‘కోనసీమ కోడె’ అన్న పేరు ఆ ముక్కతో వాళ్లదైపోతుంది.

పేరుదేముంది, ఇంకోటి పెట్టుకుందాం అంటావేమో. రాజమండ్రిలో నేను ట్రేడ్‌మార్కు, అంటే వ్యాపారపు పేరు, బొమ్మల మీద హక్కుల ఫైళ్లు చూసినన్నాళ్లూ ఎక్కువగా వచ్చినవి రైస్ మిల్లుల తగువులే. భాగస్తులు విడిపోతే మెషినరీ, గోడౌన్లు పెద్దమనుషుల ముందు పంచేసుకునేవారు. బస్తా మీద బొమ్మ దగ్గరికొచ్చేసరికి అన్నదమ్ములైనా కోర్టుకెక్కేవారు. కొనేవాడికి తెలిసింది ఆ బొమ్మే కదా.

మీ రెజ్లింగ్‌లో ఇది మరీ ఎక్కువ. అమెరికా రెజ్లర్ కోడీ రోడ్స్‌నే తీసుకో. 2016లో అక్కడి పెద్ద కుస్తీ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ వదిలి బయటికొచ్చాక నాలుగేళ్లు ఉత్త ‘కోడీ’గా ఆడాడు. రోడ్స్ అన్నది వాళ్ల నాన్న రింగులో పెట్టుకున్న పేరు. అయినా ‘కోడీ రోడ్స్’ మీద ట్రేడ్‌మార్కు కంపెనీ చేతిలో ఉండేది. కొన్ని పాత పోటీల పేర్ల మీద తను పెట్టుకున్న హక్కులు వదులుకుంటే గానీ 2020లో అది చేతికి రాలేదు. జట్టుగా ఆడే డడ్లీ బాయ్స్‌ది ఇంకో రకం. వాళ్ల పేరు పుట్టింది ఈసీడబ్ల్యూ అనే ఇంకో కుస్తీ కంపెనీలో. ఆ కంపెనీ ఆస్తులు డబ్ల్యూడబ్ల్యూఈ కొనేసింది, వాటితోపాటు పేరూ పోయింది. 2005లో బయటికొచ్చి ‘టీమ్ త్రీడీ’ అని బోర్డు మార్చుకున్నారు. కాబట్టి నీతో మాట్లాడుతున్న మేనేజరు మంచివాడే అనుకో, రేపు ఆ కంపెనీని కొనేవాడు ఎవడో నీకు తెలియదు.

సినిమా హీరో కూడా అయిన రెజ్లర్ రాక్‌కి తన పేరు పూర్తిగా దక్కింది 2024లో, అదీ డబ్ల్యూడబ్ల్యూఈ మాతృసంస్థ టీకేఓ బోర్డులో చేరినప్పుడు. అంతటివాడికే అన్నేళ్లు పట్టింది.

ఇంకొకటి విను, ఇది నాకు బాగా ఇష్టమైన కేసు. డబ్ల్యూడబ్ల్యూఈ పాత పేరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్. పాండా బొమ్మ పెట్టుకునే వన్యప్రాణుల సంస్థదీ అవే అక్షరాలు. 1994లో ఇద్దరూ ఒప్పందం రాసుకున్నారు, ఆ అక్షరాలను కుస్తీవాళ్లు ఎక్కడెక్కడ వాడకూడదో అందులో ఉంది. ఆ తర్వాత వీళ్లు హద్దు దాటితే పాండావాళ్లు లండన్‌లో దావా వేశారు. మేం ఇంత పెద్దవాళ్లం, ఇంతమంది చూస్తారు అన్న మాట అక్కడ పనిచేయలేదు. 2002లో అప్పీలు కూడా పోయి, ప్రపంచమంతా తెలిసిన పేరు మార్చుకోవాల్సి వచ్చింది. అన్ని కోట్ల కంపెనీని కట్టేసింది ఒక్క పాత సంతకం!

ఇక నువ్వు చేయాల్సింది. ముందు పేరు నీ పేరున దరఖాస్తు చెయ్యి. మనకి చెన్నైలోని ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ, అంతా ఆన్‌లైనే. వ్యక్తి పేరు మీద ఒక్కో క్లాసుకి, అంటే ఒక్కో రకం సరుకుకి లేదా సేవకి, 4,500 రూపాయల ఫీజు. వినోద ప్రదర్శనలకి 41, టీషర్టులకి 25, ఈ రెండూ చాలు. అభ్యంతరాలు చెబుతూ రిపోర్టు వస్తే నెలలోపు జవాబివ్వాలి. ఆ మెయిల్ చూడక ఫైలు పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. రిజిస్ట్రీవాళ్ల జర్నల్‌లో వేశాక నాలుగు నెలల వరకు ఎవరైనా వ్యతిరేకించొచ్చు. దక్కితే పదేళ్లు, ఆపైన రెన్యువల్.

‘కోనసీమ’ అన్న మాట మీద ఒక్కడికే హక్కు ఇమ్మంటే ఇవ్వరు, అది ప్రాంతం పేరు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో వచ్చిన జీఐ, అంటే ప్రాంతాన్ని బట్టి ఇచ్చే గుర్తింపు కూడా ఏదో ఒక్క కొట్టుకి కాదు. అందుకని నీ కొమ్ముల ముసుగు బొమ్మతో కలిపి వెయ్యి, బలం దానికే ఉంది. రిజిస్టర్ అయ్యేదాకా పక్కన టీఎం అని రాసుకో. గుండ్రంలో ఆర్ మాత్రం పెట్టకు, రాకుండానే పెడితే 1999 ట్రేడ్‌మార్కు చట్టం ప్రకారం తప్పు. ఇదివరకు మూడేళ్ల దాకా జైలు ఉండేది, 2023లో చట్టం సవరించాక జరిమానా.

దరఖాస్తు కన్నా ముఖ్యమైంది రుజువులు. ముందునుంచీ వాడుతున్నవాడిని, తర్వాత రిజిస్టర్ చేయించుకున్నవాడు ఆపలేడని అదే చట్టం 34వ సెక్షన్‌లో ఉంది. కానీ వాడినట్టు చూపించాలి కదా! రావులపాలెంలో నువ్వు ఫ్లెక్సీ కొట్టించినప్పుడు వాడు చిన్న చీటీ మీద ‘ఫ్లెక్సీ 10 బై 6’ అని రాసి ఇచ్చాడు. అది ఎందుకూ పనికిరాదు. ‘కోనసీమ కోడె కుస్తీ ప్రదర్శన ఫ్లెక్సీ’ అని తేదీ వేసిన జీఎస్టీ బిల్లు అడిగి తీసుకో. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వచ్చినవాళ్లు తీసిన వీడియోలు, కమిటీవాళ్లు ఇచ్చిన కరపత్రం, డబ్బు జమైన బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ ఒక ఫైల్లో పెట్టు.

కంపెనీవాళ్లతో మాట్లాడేటప్పుడు గొడవకి దిగకు. ఈ మాటలే పంపు: ‘ఈ పేరు, ముసుగు ప్రదర్శకుడివి. కాంట్రాక్టు నడిచినంతకాలం వాడుకునే అనుమతి మాత్రమే సంస్థకు ఇస్తున్నాడు. ముగిశాక మిగిలిన టీషర్టులు అమ్ముకోవడానికి మూడు నెలలు గడువు.’ అమ్మడం వేరు, అద్దెకివ్వడం వేరని వాళ్ల లాయరుకి బాగా తెలుసు. కుదరదంటే పోట్లాడకుండా వాళ్లు పెట్టే కొత్త పేరుతో ఆడు. మొహమాటం లేదు, ఆ పేరు వాళ్లదే, పెంచినా వాళ్లదే. నీ పాత పేరు నీ దగ్గర భద్రంగా ఉంటుంది. కాకపోతే రిజిస్టరైన పేరు అయిదేళ్లకు పైగా వాడకుండా వదిలేస్తే తీసేయమని ఎవరైనా అడగొచ్చు. అందుకని సంక్రాంతికి ఊళ్లో ఆడే ప్రదర్శన మాత్రం పాత పేరుతోనే ఆడుకుంటానని కాంట్రాక్టులోనే రాయించు. నోటిమాటతో సరిపెట్టుకోకు.

గడువు శుక్రవారం అన్నావు. అప్పటిదాకా సంతకం పెట్టకు, ఫోన్లో ‘సరే సార్’ అని కూడా అనకు. మెయిల్ డ్రాఫ్ట్ రాసి ముందు నాకు పంపు, మార్పులు చేసి రాత్రికే తిప్పి పంపుతాను.

ఇట్లు,
మావయ్య