టెక్ సందేహాలు: తీగ పొడవు పెంచితే గరగర తగ్గదు

ప్రశ్న: మీడియం వేవ్ వినడానికి నేలమీద 150 మీటర్ల తీగ పరిచి నేరుగా రేడియోకి ఇచ్చాను. ఎర్త్ కోసం ప్లగ్గు మూడో పిన్ను వాడాను. స్టేషన్ల కన్నా గరగరే ఎక్కువ. తీగ ఇంకా పొడిగించాలా?

జవాబు: వద్దు. ఈ ఫిర్యాదు పంపేవాళ్లలో ఎక్కువమంది పొడవునే నమ్ముకుంటున్నారు. నేలకు ఆనిన తీగలో రేడియో తరంగం గాలిలో వెళ్లే వేగంలో ఇంచుమించు సగంతోనే నడుస్తుంది. పొడవు మితిమీరితే బయట గాలిలోని తరంగం కన్నా బాగా వెనకబడి, పోగైన సిగ్నల్ మళ్లీ తరిగిపోతుంది. మీడియం వేవ్ పై అంచున, 1600 కిలోహెర్ట్జ్ దాకా పనికిరావాలంటే 70–90 మీటర్లకు కోసేయండి.

దానికన్నా ముందు ఆ పిన్ను నుంచి వైరు పీకేయండి. నన్ను కలవరపెడుతున్నది ఇదే. ఎర్తింగ్ ఎక్కడో తెగి, ఏదో పరికరంలో లీకేజీ ఉంటే ఆ పిన్నుకు కరెంటు వస్తుంది. అది రేడియో మీదుగా ఆరుబయటి తీగలోకి పాకితే ఎవరి కాలికి తగులుతుందో చెప్పలేం. ఇంట్లోని చార్జర్ల రొద కూడా ఆ దారినే రేడియోలోకి దిగుతుంది. ఉరుములు దగ్గరపడక ముందే యాంటెన్నాను రేడియో నుంచి విడదీసి, ఇంటి బయటే వదిలేయండి.

తీగను నేరుగా రేడియోకి ఇవ్వకండి, మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. 73 రకం బైనాక్యులర్ ఫెర్రైట్ కోర్ (పక్కపక్కనే రెండు రంధ్రాలున్న అయస్కాంత పదార్థపు దిమ్మ) మీద రేడియోకి వెళ్లే కేబుల్ వైపు 2 చుట్లు, తీగ వైపు 5 చుట్లు వేయండి. దాంతో కేబుల్ వైపు 50 ఓమ్‌లు తీగ వైపు 300 ఓమ్‌లకు కాస్త పైన కుదురుతాయి. ఈ రెండు వైపుల చుట్లూ ఒకదానికొకటి తగలకూడదు. 5 చుట్ల ఒక కొస తీగకు, రెండో కొస నేలలో దింపిన మీటరు పొడవు రాగి కడ్డీకి వెళ్లాలి. రేడియోకి వెళ్లే కోయాక్సియల్ కేబుల్ బయటి లోహపు జాలీని ఆ కడ్డీకి కలిపారా, రొద తిరిగొస్తుంది. తీగ అవతలి చివర 300 ఓమ్‌ల కార్బన్ రెసిస్టర్‌తో మరో కడ్డీకి దించండి. వైరు చుట్టిన రెసిస్టర్ వద్దు. యాంటెన్నా రెసిస్టర్ ఉన్న దిక్కు నుంచి బాగా వింటుంది. పగటిపూట వెనక దిక్కు స్టేషన్ ఒకటి పెట్టి, 200 నుంచి 470 ఓమ్‌ల దాకా మార్చి చూడండి. అది అన్నిటికన్నా బలహీనంగా వినిపించిన విలువే సరైనది. రేడియోలో సిగ్నల్ బలం చూపే మీటరు ముల్లు మునుపటికన్నా కిందే ఉంటుంది. కంగారు పడకండి, మాట స్పష్టంగా ఉందా లేదా అన్నదే చూడండి.

ఇక చవక చార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు. చిన్న ఫిల్టర్ కాయిల్ మిగుల్చుకోవడానికి వీధి మొత్తం మీడియం వేవ్‌ను పాడుచేసే డిజైన్ ఇది, నాకు క్షమించరానిదిగా కనిపిస్తుంది. రేడియోను బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ ఆపండి. గరగర పోతే దోషి మీ ఇంట్లోనే ఉంది. ఒక్కొక్క సర్క్యూట్ వేస్తూ పట్టుకోండి.