కమిషనరు మేనకోడలికి

అమ్మడూ,

మునిసిపల్ కమిషనరుగా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఊరి అభివృద్ధికి ఏం చెయ్యాలో నాలుగు ముక్కలు రాయమన్నావట. ముప్పయ్యేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కదా, చాదస్తం అనుకున్నా సరే, చివరిదాకా చదువు.

నువ్వు సీట్లో కూర్చోగానే ఎవరో ఒకరు మార్కెట్ కాంప్లెక్సు ఫైలు పట్టుకొస్తారు. నేనూ ఒకటి కట్టించాను. ఏ ఊరో చెప్పను. బస్టాండు రోడ్డు మీద కూరగాయలవాళ్ళతో ట్రాఫిక్ ఆగిపోతోందని, ఊరి చివర షెడ్లు, కుళాయిలు, సిమెంటు అరుగులు కట్టించి అందర్నీ అక్కడికి పంపాను. మూడో వారానికి సగం అరుగులు ఖాళీ. గోంగూర అమ్మే ఒకావిడ మళ్ళీ పాతచోటే గోనెసంచి పరుచుకుని కూర్చుంటే వెళ్ళి కోప్పడ్డాను. కట్టల మీద నీళ్ళు చిలకరిస్తూ, తలెత్తకుండానే అంది: "బస్సు దిగినోళ్ళు ఇంటికి పోతా పోతా నా కాడ కొంటారు బాబూ. గోంగూర కోసం ఆటో ఎక్కి అక్కడికొస్తారా?"

ఐదు రూపాయల కట్టకి పది రూపాయల ఆటో. అంత పెద్ద ఫైల్లో ఆ లెక్క ఒక్కటే లేదు.

అలాగని దేన్నీ కదపకూడదని కాదు. విజయవాడ ఆటోనగర్ చూడు. ఊళ్ళో తలోచోటా ఉన్న లారీ మరమ్మతు షాపులు 1960ల్లో ఊరి బయటికి వెళ్ళి బాగుపడ్డాయి. ఎందుకంటావు? కొనేవాడు లారీమీదే వస్తాడు. చెన్నై-కోల్‌కతా రోడ్డు, హైదరాబాద్-బందరు రోడ్డు కలిసే ఊరది. పైగా ఒక్క మెకానిక్కే వెళ్ళలేదు. కమాన్ పట్టీలవాడు, లేత్ మిషన్‌వాడు, టింకరింగ్, పెయింటింగ్, సీట్లు కుట్టేవాడు, టీకొట్టు, అందరూ ఒకేచోట చేరారు. బండి ఒక షెడ్డులోంచి పక్క షెడ్డులోకి వెళ్తే పని పూర్తవుతుంది. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ కోల్డ్ స్టోరేజీలు, హమాలీలు, గోతాల కొట్లు, లారీ ఆఫీసులు పుట్టుకొచ్చిందీ అలాగే. (అక్కడికి వెళ్ళేటప్పుడు జేబురుమాలు మర్చిపోకు.)

అందుకని మొదటి నెల కారు పక్కనపెట్టి తెల్లవారుజామున ఐదింటికే నడువు. అడ్డా మీద కూలీలు ఏ పనికి వెళ్తున్నారో, వాళ్ళని ఎవరు పిలుచుకెళ్తున్నారో చూడు. మీ ఊరి నుంచి లారీల్లో ఏ సరుకు బయటికి పోతోందో లోడింగ్ దగ్గర అడుగు. బయటి డబ్బు ఊళ్ళోకి తెచ్చే పని ఒకటో రెండో ఉంటాయి. వాటికి ఏం అడ్డుపడుతోందో కనుక్కో. చాలాసార్లు అది పూడిపోయిన కాలువో, లారీ తిరగలేని మలుపో, ట్రేడ్ లైసెన్సుకి నాలుగుసార్లు తిప్పడమో అయి ఉంటుంది. వాటిలో చాలావరకు నీ సంతకంతో తీరేవే.

ఆర్థికాభివృద్ధికి ప్రణాళిక వెయ్యడం కూడా పట్టణాల పనేనని 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో రాసి ఉంది. నా రోజుల్లో రివ్యూ మీటింగుల్లో మాత్రం దాని గురించి అడిగినవాడు లేడు. పన్ను వసూళ్ళు ఎంత శాతం, చెత్త ఎత్తారా, అంతే. నువ్వు వాటికీ జవాబు చెప్పుకోవాల్సిందే. కానీ 2014 వీధి వ్యాపారుల చట్టం దగ్గర పెట్టుకో. దాని ప్రకారం వీధి వ్యాపారాల కోసం వేసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వాళ్ళని సంతకాలు పెట్టించుకుని పంపెయ్యకు. టీ ఇప్పించి కూర్చోబెట్టు. నేను అలా కూర్చోబెట్టి ఉంటే ఆ షెడ్లు కట్టేవాణ్ణే కాదు.

ఇంకొకటి. ఆశీలు, అంటే సంతలో అమ్మేవాళ్ళ దగ్గర రుసుము వసూలు చేసుకునే హక్కు, దాని వేలం మార్చి లోపే వస్తుంది. పాట ఎంతకి పోయిందని మురిసిపోకు, పాడుకున్నవాడు గంపకి ఎంత గుంజుతున్నాడో చూడు. రేట్ల బోర్డు సంత మొదట్లో పెద్ద అక్షరాలతో కట్టించు. తర్వాత ఒకరోజు, నిన్ను ఎవరూ గుర్తుపట్టకముందే, సంచి పట్టుకుని వెళ్ళి చీటీలో ఎంత రాస్తున్నాడో అడిగి చూడు.

నీ పెద్దమామయ్య