నీ పాల నోటుబుక్కు సంగతి ఎందుకు రాయలేదు?

తిరుపతి,
ఆదివారం.

చిరంజీవి చిన్నమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన స్కాలర్‌షిప్ వ్యాసం రెండు పేజీలూ చదివాను. ఫోనులో అక్షరాలు ఆనక, వీధి చివర జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకుని మరీ చదివాను. ఫోన్ చేసి చెబుదామంటే మీ అమ్మ మధ్యలో దూరి "దాన్ని భయపెట్టొద్దక్కా" అంది. అందుకే ఉత్తరం. దీనికైతే అడ్డం పడేవాళ్ళుండరు.

ట్రస్టువాళ్ళు అడిగింది మూడు సంగతులు: నీ నేపథ్యం, నీ ఆసక్తులు, నువ్వేం కావాలనుకుంటున్నావు అని. నువ్వు రాసిందేమిటి? "నేను ఒక నిరుపేద రైతు కుటుంబంలో జన్మించాను. చిన్ననాటి నుంచి చదువంటే నాకు ఎంతో ఆసక్తి. ఐఏఎస్ అధికారినై సమాజానికి సేవ చేయడమే నా జీవితాశయం." అక్షరదోషం ఒక్కటీ లేదు, మెచ్చుకున్నాను. కానీ ఇందులో నువ్వెక్కడున్నావే? పైన నీ పేరు కొట్టేసి నీ పక్క రూము పిల్ల పేరు రాసినా ఆ కాగితం చెల్లుతుంది కదా.

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. అందులో పదకొండేళ్ళు హాస్టల్ వార్డెన్‌గా కూడా ఉన్నాను. స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూల్లో బల్లకు అవతలివైపు చాలాసార్లే కూర్చున్నాను. ఒక్కో పూట నలభై దరఖాస్తులు చూడాల్సి వచ్చేది. పదో కాగితానికి వచ్చేసరికి 'నిరుపేద' అన్న మాట కంటికి ఆనడం మానేస్తుంది. మేమేం రాతిగుండెలవాళ్ళం కాదు. ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తుకు కుట్టే ఉంటుంది, దాని మీద అంకె ఉంటుంది. ఆ అంకె చెప్పేసిన సంగతిని నువ్వు మళ్ళీ పేజీన్నర చెబితే, నీ గురించి చెప్పుకోవడానికి ఇక చోటెక్కడ?

నేనూ ఈ తప్పు చేసినదాన్నే. 1981లో ఎమ్మెస్సీలో చేరేటప్పుడు ఇలాంటి ఇంటర్వ్యూకే వెళ్ళాను. "ఖాళీ టైములో ఏం చేస్తావమ్మా?" అని అడిగారు. "ఇంగ్లీషు నవలలు చదువుతా సార్" అని కోసేశాను. "ఈమధ్య ఏది చదివావు?" అన్నారాయన, చాలా మర్యాదగానే. నా నోట మాట రాలేదు. చెవులు వేడెక్కిపోయాయి. నిజానికి నేను చదివేది మా ఊరి కిరాణా కొట్లో చక్కెరా ఉప్పూ కట్టిచ్చే పొట్లాల కాగితాలు. కథ సగంలో చిరిగిపోయి ఉంటే మిగతా సగం నేనే అల్లుకుని చెల్లెళ్ళకి చెప్పేదాన్ని. మీ అమ్మని అడుగు, ఇప్పటికీ ఒకటి రెండు గుర్తుండాలి దానికి. ఆ మాటే చెప్పి ఉంటే ఆ పెద్దాయన ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడేవారు. స్కాలర్‌షిప్ వచ్చిందిలే, మార్కుల పుణ్యాన. కానీ ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

స్కాలర్‌షిప్ పిల్లలంటే అందరూ ఒక మూసలో పోసినట్టు ఉంటారని బయటివాళ్ళు అనుకుంటారు. ఒక్క వారం హాస్టల్లో ఉంటే తెలుస్తుంది. సత్యవేడు దగ్గర్నుంచి వచ్చిన ఒకమ్మాయి పదో తరగతి దాకా తమిళ మీడియం. తెలుగు గడగడా మాట్లాడేది, రాయాలంటే మాత్రం చెయ్యి ఆగిపోయేది. కుప్పం పిల్లకి కన్నడంలో తప్ప లెక్కపెట్టడం రాదు. నగరి నుంచి వచ్చినమ్మాయికి మొదటి వారం రోజులూ నిద్రే లేదు. ఏమ్మా, ఇంటి మీద బెంగా అంటే, "కాదు మేడమ్, ఇక్కడ మరీ నిశ్శబ్దంగా ఉంది" అంది. పుట్టినప్పటి నుంచీ మరమగ్గాల చప్పుడులో పడుకున్న పిల్ల మరి! వాళ్ళ నాన్నకి కూలి మీటరు లెక్కన. శనివారం శనివారం మేస్త్రీ చెప్పే లెక్కకీ ఈయన నేసిన మీటర్లకీ ఎప్పుడూ పొంతన కుదిరేది కాదట. అందుకే ఆ పిల్ల బీకామ్‌లో చేరింది. ఏమవుతావంటే "లెక్కలు రాసేదాన్నవుతా" అనేది. అంత సూటి జవాబు నేను మళ్ళీ వినలేదు.

ఇంకో పిల్లది గాదంకి పక్క ఊరు. అక్కడ వాతావరణ పరిశోధనశాల వాళ్ళ రాడార్ ఉంది కదా, 1024 యాంటెనాలు వరస కట్టి నిలబెట్టి ఉంటాయి. కంచె బయట మేకలు కాస్తూ పెరిగిందది. అవి గాలిని కొలుస్తాయని ఎవరో చెబితే, కంటికి కనపడని గాలిని ఎట్లా కొలుస్తారబ్బా అని ఫిజిక్స్ తీసుకుంది. సైంటిస్టు అవుతావా అని ప్యానెల్లో ఒకరు ఊరించారు. "లేదు సార్, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా ఊరి పిల్లలకి ఆ యాంటెనాలు ఎందుకో చెప్పేవాళ్ళు లేరు" అంది. ఆవిడ కోరిక చిన్నదని అక్కడ ఎవరికీ అనిపించలేదు.

నీకు తప్పకుండా చెప్పాల్సింది మాత్రం శ్రీకాళహస్తి అమ్మాయి గురించి. కెమిస్ట్రీ చదివేది, మార్కులు బాగానే వచ్చేవి. ఎవరితో మాట్లాడినా చేతులు చున్నీ కింద దాచుకునేది. ఒకరోజు మెస్సులో పళ్ళెం అందుకుంటుంటే చూశాను, గోళ్ళ అంచుల్లో నల్లటి మరక. ఏమిటే అది అంటే తల దించుకుని "కలంకారీ పని మేడమ్, సెలవులకి ఇంటికి పోతే చెయ్యక తప్పదు" అంది. దరఖాస్తులో మాత్రం తండ్రి వృత్తి 'కూలి' అని రాసింది. దాని వ్యాసం కూడా, చెప్పుకుంటే ఏముంది, నీ వ్యాసానికి కవల పిల్లే.

కూర్చోబెట్టి అడిగాను, ఆ నలుపు ఎట్లా చేస్తారో చెప్పమని. బెల్లమూ తుప్పుపట్టిన ఇనుమూ నీళ్ళలో వేసి రోజుల తరబడి నానబెడతారట. ఆ నీళ్ళని వడకట్టి చూస్తే నలుపుండదు, టీ నీళ్ళలా ఉంటాయి. గుడ్డని ముందుగానే కరక్కాయ పొడీ పాలూ కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. వెదురు కలంతో ఆ టీ నీళ్ళు తీసుకుని గుడ్డ మీద గీత గీస్తే, కళ్ళముందే నల్లబడుతుంది. "కరక్కాయ వగరు లేకపోతే నలుపు రాదు మేడమ్. పాలు లేకపోతే రంగు ఒకచోట నిలవదు, పాకిపోతుంది" అని చెబుతూ చెబుతూ అది చేతులు దాచుకోవడం మరిచిపోయింది. ఆ వగరునే మీ కెమిస్ట్రీ పుస్తకం టానిన్ అంటుంది, ఇనుముతో కలిస్తే నల్లబడేది అదే. ఇంట్లో పన్నెండేళ్ళుగా చేస్తున్న పనీ కాలేజీలో చదివే పాఠమూ ఒకటేనని దానికి అప్పటిదాకా తట్టనేలేదు. తట్టనివ్వలేదు మనం అనాలేమో.

వ్యాసం మళ్ళీ రాసింది. పేజీ కూడా నిండలేదు. మొదటి వాక్యం తన గోళ్ళ గురించి. ఆ కాగితం ప్యానెల్లో చేతులు మారుతూ తిరిగింది. మా కెమిస్ట్రీ ఆవిడైతే కలం పక్కన పెట్టి, కరక్కాయకి బదులు దానిమ్మ తొక్క వాడితే ఏమవుతుందో ఆ పిల్లనే అడిగి తెలుసుకుంది.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. పోయిన సంక్రాంతికి మీ ఊరొచ్చినప్పుడు కొట్టం గోడకి మేకుకు వేలాడుతున్న నోటుబుక్కు చూశాను. పొద్దునకో గడి, సాయంత్రానికో గడి, లీటర్లూ ఫ్యాటూ ఎస్‌ఎన్‌ఎఫ్పూ (అదే, వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థం) అన్నీ నీ చేతిరాతే. పొద్దున పాలకి ఫ్యాట్ తక్కువ వేస్తున్నారని, పాల కేంద్రంవాళ్ళు మోసం చేస్తున్నారని మీ నాన్న గొడవకి దిగబోయాడట కదా. నువ్వు నెలరోజులు ఓపికగా రాసి చూపించావు: రాత్రి గడువు ఎక్కువ, పొద్దున పాలు ఎక్కువ దిగుతాయి, అందుకే ఫ్యాట్ శాతం తగ్గుతుంది, పాల కేంద్రం తప్పేమీ లేదు అని. ఆ మాట నువ్వు నాకు చెప్పింది ఎట్లా? కుడితి తొట్టి కడుగుతూ, ఇదేం పెద్ద విషయం కాదన్నట్టు. చిన్నమ్మాయీ, ట్రస్టువాళ్ళు వెతికేది ఇదే. ఒక అనుమానం వచ్చింది, లెక్క రాసి పెట్టావు, లెక్క ఏం చెబితే అది నాన్నకి ఎదురు చెప్పావు. అది రెండు పేజీల్లో ఒక్క ముక్క లేదు!

డబ్బు ఇబ్బంది దాచమనడం లేదు. దాస్తే అదొక రకం అబద్ధం. రెండు వాక్యాల్లో అంకెలతో రాసెయ్. మీకు ఎకరన్నర తోతాపురి మామిడి, నాలుగు ఆవులు. 2025లో తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు సాయం ఇస్తానన్న ఏడాది మీ ఇల్లు పాల డబ్బు మీదే నడిచింది. అంతే. విశేషణాలు వద్దు. 'దుర్భర' అని రాస్తే నేనే కొట్టేస్తాను.

ఐఏఎస్ సంగతి. నీకు నిజంగా ఉంటే రాయి, కాదనను. కానీ ఆ రాత్రి ఫోనులో నాతో అన్నదేమిటి? "పాలూ నూనే కారప్పొడీ కల్తీ పరీక్ష చేసే ల్యాబులో పనిచెయ్యాలని ఉంది పెద్దమ్మా" అన్నావు. వ్యాసంలోకి వచ్చేసరికి కలెక్టరమ్మవి అయిపోయావు. మీ అమ్మ చెప్పిందా? వినడానికి గొప్పగా ఉంటుందనుకున్నావా? ఇంటర్వ్యూలో తర్వాతి ప్రశ్న "ఎందుకు?" అనే ఉంటుంది. ఐఏఎస్ ఎందుకంటే నీ దగ్గర ఉన్నది అరువు జవాబు. ల్యాబు ఎందుకంటే నీ దగ్గర నోటుబుక్కే ఉంది. దారి కూడా తెలుసుకుని వెళ్ళు: ఫుడ్ అనలిస్ట్ కావాలంటే బీఎస్సీ చాలదు, ఎమ్మెస్సీ కావాలి, ల్యాబు అనుభవం కావాలి, కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టే పరీక్ష రాయాలి. ఇంత చెప్పగలిగితే ఇది ఊరికే కల కాదని వాళ్ళకి తెలుస్తుంది. రెండేళ్ళ తర్వాత మనసు మారితే మారనీ. నగరి అమ్మాయి లెక్కలు వదిలేసి లా చదివింది, ఎవరూ ఇచ్చిన డబ్బు వెనక్కి అడగలేదు.

ఇంటర్వ్యూలో ఇంగ్లీషు తట్టకపోతే "తెలుగులో చెప్పొచ్చా సార్" అని అడుగు. తెలియనిదానికి తెలియదను. నా పొట్లాల కథ గుర్తుంది కదా.

బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు పక్కవాళ్ళ ఫోన్లూ చెప్పులూ చూసి వీళ్ళకెందుకు స్కాలర్‌షిప్ అనుకోకు. మా హాస్టల్లో మంచి బట్టలు కట్టుకునే పిల్ల ఒకతి ఉండేది. దాని స్కాలర్‌షిప్ డబ్బంతా నెలనెలా వాళ్ళమ్మ గాజుల మీద తెచ్చిన అప్పు వడ్డీకి పోయేదని నాకు మూడో ఏడు దాకా తెలియదు. బట్టలు వాళ్ళ పిన్నమ్మవి.

ఇక కాగితాలు. ఇక్కడే బంగారం లాంటి పిల్లలు దెబ్బతింటారు. పదో తరగతి మెమోలో నీ ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనకుంది, నేను చూశాను. ముందు అది సరిచేయించు. బ్యాంకుకి ఆధార్ ఇచ్చాం కదా అని ఊరుకోకు. ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే నీ ఆధార్‌కి ముడిపెట్టిన ఖాతా, ఏదో అడిగి చూసుకో, ప్రభుత్వ డబ్బు పడేది దాంట్లోనే. ఆదాయ ధ్రువపత్రానికి మీ ఊరి సచివాలయంలో ఇప్పుడే అర్జీ పెట్టు, ఆఖరి వారంలో అక్కడ తిరునాళ్ళలా ఉంటుంది.

ఈ ట్రస్టు ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు కూడా. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చినవాళ్ళకి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది, డిగ్రీలో ఏడాదికి 12,000, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపుండాలి. ఏటా రెన్యువల్‌కి 50 శాతం మార్కులూ 75 శాతం హాజరూ అడుగుతారు, కాబట్టి మామిడికోతల పేరు చెప్పి క్లాసులు ఎగ్గొట్టకు. ఒకటి తీసుకుంటే ఇంకోటి రాకుండా పోయే షరతులుంటాయి, సంతకం పెట్టేముందు ఆ చిన్న అక్షరాలు చదువు.

గురువారం బస్సుకి రా. బస్టాండులో దిగి ఫోన్ చెయ్యి, మీ పెదనాన్న బండేసుకుని వస్తారు. వ్యాసం మళ్ళీ రాసి తీసుకురా, కాగితం మీద, ఒక్క పేజీ. ఆ నోటుబుక్కు కూడా మేకు మీంచి తీసుకురా. మీ నాన్న పాల లెక్కకి ఇబ్బంది పడతాడంటే నాలుగు రోజులకి వేరే కాగితం వేలాడదియ్యి. వచ్చేటప్పుడు మీ అమ్మ చేత ఊరిబిండి కాస్త ఎక్కువ నూరించుకుని రా, ఇక్కడ మిక్సీలో వేస్తే ఆ రుచి రావడం లేదు.

మీ
పెద్దమ్మ